ఫాక్సన్ చిసాంగ పేరు కొడితే

ఫాక్సన్ చిసాంగ ముప్పై ఒక్క ఏళ్లు కబ్వే రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేశాడు. బోగీ చక్రాన్ని సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, ఆ మోత విని, పగులు ఎక్కడుందో చెప్పేసేవాడు. ఇరవై రెండేళ్లపాటు ఆదివారాలు నల్ల చొక్కా, నల్ల నిక్కరు తొడుక్కుని ఫుట్‌బాల్ ఆటలకు రిఫరీగా నిలబడ్డాడు. ముగ్గురు పిల్లల్ని చదివించాడు. చర్చిలో గంట తాడు తెగితే ఎక్కి కట్టేది ఆయనే. ఇదంతా మా ఊరికి తెలుసు. ఫోన్‌కి మాత్రం తెలియదు.

ఫోన్‌లో ఆయన పేరు కొడితే మొట్టమొదట ఒక ఫొటో వస్తుంది. నోట్లో విజిల్, బూరెల్లా పొంగిన బుగ్గలు, సగం మూసుకుపోయిన కళ్లు, పెనాల్టీ చుక్క వైపు చాపిన చెయ్యి. దాని పైన పెద్దక్షరాలతో ‘కబ్వేను అమ్ముకున్న పగటి దొంగ’ అని ఉంటుంది. కిందికి పోతే అదే ఫొటోలో చేతికి గుడ్డివాడి కర్ర అతికించింది ఒకటి, మెడలో నోట్ల దండ వేసింది ఇంకొకటి. ఎంత కిందికి పోయినా అవే.

జరిగింది తొమ్మిదేళ్ల కిందట, అక్టోబరు ఎండల్లో. కటొందో రోవర్స్ అని మా ఊరి జట్టు ఒకటి ఉండేది. ఆ ఆట డ్రా అయినా చాలు, రోవర్స్ పై తరగతి లీగులోకి వెళ్లిపోతుంది. ఎనభై ఎనిమిదో నిమిషం దాకా ఎవరికీ గోల్ లేదు. అప్పుడు రాగి గనుల ఊరి నుంచి వచ్చిన జట్టు ఆటగాడొకడు బంతి తీసుకుని దూసుకొచ్చాడు. మన గోల్‌కీపర్ ఎనొక్ సిమ్వింగ వాడి కాళ్ల మీదికి దూకి బంతి లాక్కున్నాడు. ఆ ఆటగాడు పడ్డాడు. చిసాంగ విజిల్ ఊదాడు. పెనాల్టీ ఇచ్చాడు, సిమ్వింగకు ఎర్రకార్డు చూపించాడు. ఆట ఒకటి సున్నాతో పోయింది. మరుసటి ఏడాదికి డబ్బు పెట్టేవాళ్లు లేక రోవర్స్ జట్టే లేకుండా పోయింది.

చిసాంగను ఆ సాయంత్రం పోలీసు బండిలో ఇంటికి చేర్చారు. ఎవరో కుర్రకారు నడిపే ఆటల వెబ్‌సైటులో తెల్లారేసరికి ఆ ‘పగటి దొంగ’ మాట ఎక్కింది. ఆయన లంచం తిన్నాడని రాశారు. ఎవరిచ్చారో, ఎంతిచ్చారో రాయలేదు. ఆయన మళ్లీ విజిల్ పట్టలేదు. ఎవరైనా అడిగితే ఒక్కటే మాట: “రిఫరీ ఇచ్చాక ఇచ్చినట్టే.”

అలాగే రోజులు వెళ్లిపోయేవేమో. కానీ ఉద్యోగం నుంచి దిగిపోయాక చిసాంగకు ఇంట్లో కాలు నిలవలేదు. సెయింట్ అపొలొనియా బాలికల బడిలో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పేవాళ్లు కావాలంటున్నారని విని, చొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్లాడు. హెడ్మిస్ట్రెస్ సిస్టర్ ఇమెల్డా టీ ఇప్పించింది, ఆయన చెప్పిందంతా రాసుకుంది, వారంలో కబురు చేస్తానంది. వారం తర్వాత పిలిచినప్పుడు టీ లేదు.

“చిసాంగ గారూ, తల్లిదండ్రుల కమిటీలో ఒకాయన మీ పేరు ఫోన్‌లో కొట్టి నా బల్ల మీద పెట్టాడు” అంది. “‘మా పిల్లల్ని ఈ మనిషి చేతిలో పెడతారా సిస్టర్?’ అన్నాడు. నేనేం చెప్పను?”

“నేను దొంగను కాదని చెప్పండి.”

“చెబుతాను. ఎలా తెలుసని అడుగుతాడు. అప్పుడు?”

చిసాంగ టోపీ తీసుకుని లేచాడు. గేటు దాకా వచ్చాక టోపీ పెట్టుకోవడం మరిచిపోయానని గుర్తొచ్చింది.

ఆయన భార్య ప్రిస్కా ఫ్రీడమ్ వే మీద టమాటాలు, ఆకుకూరలు అమ్ముతుంది. ఆమె బల్లకు వెనకే తిసా జీరె దుకాణం. కాగితాలు జిరాక్సు తీయడం, ఉద్యోగాల దరఖాస్తులు టైపు చేయడం, ఇంటర్నెట్ పనులు చేసిపెట్టడం ఆమె వ్యాపారం. యాభై దాటిన మనిషి, నోరు గట్టిది. ఆమె న్గోనీల ఆడపడుచు, చిసాంగ బెంబా. ఆ రెండు తెగలకూ ఎప్పటి నుంచో ఎకసెక్కాల చుట్టరికం. ఒకరినొకరు ఎంతెంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు.

“ఏం బెంబా, మొహం అలా వేలాడేశావు? కాల్చుకు తినడానికి కోతి దొరకలేదా?” అంది తిసా.

“మీ ఎలుకలు తినే జాతికి ఎప్పుడూ తిండి గోలే. జీరె, ఒక పనుంది. ఇంటర్నెట్‌లో నా పేరుంది చూడు, అది చెరిపెయ్యి.”

తిసా నవ్వడం ఆపింది. కుర్చీ చూపించింది. తన కంప్యూటర్లో ఆయన పేరు కొట్టి, కిందిదాకా చూసి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుంది.

“ఇది నేను చెరపగలిగేది కాదు బెంబా. బజారు సంగతి నీకు తెలుసుగా. ఇంటర్నెట్ కూడా అంతే. ఏది ఎక్కువమంది అడిగితే అది ముందు పెడతారు. తొమ్మిదేళ్లుగా నీ పేరు మీద ఈ ఒక్క కుళ్లిన కాయే ఉంది. వచ్చినవాళ్లంతా దాన్నే ఎత్తి చూసి పోతున్నారు. తీసి పారేద్దామంటే అది వేరేవాళ్ల తట్టలోది. నువ్వు నీ తట్ట తెచ్చి పక్కన పెట్టాలి.”

“నా తట్టలో ఏముంది?”

“ఇరవై రెండేళ్ల ఆట ఉంది కదయ్యా. తెలిసింది చెప్పు. నీ పేరు పెట్టి, నీ మొహంతో, వారం వారం చెప్పు. మెల్లగా అది పైకొస్తుంది, ఇది కిందికి పోతుంది.”

“ఎన్నాళ్లకి?”

“ఏడాది పట్టొచ్చు.”

చిసాంగకు అంత ఓపిక లేదు. రాజధాని లుసాకాలో పేర్లు కడిగే నిపుణుడొకడున్నాడని ఎవరో బంధువు నంబరు ఇచ్చాడు. చిసాంగ తిసాకు చెప్పకుండా రెండు మేకలు అమ్మి ఆ డబ్బు అతనికి పంపించాడు. మూడు వారాల్లో అంతా తెల్లగా అయిపోతుందని ఆ మనిషి మాటిచ్చాడు.

మూడు వారాలకు నిజంగానే కొత్త పేజీలు నాలుగు వచ్చాయి. వాటిలో ఆయన ‘డాక్టర్ ఫాక్సన్ చిసాంగ, అంతర్జాతీయ ఫుట్‌బాల్ మేధావి’. మూడు ఖండాల్లో ఉపన్యాసాలిచ్చాడు. నాలుగు వందల మంది అనాథలను చదివిస్తున్నాడు. ఒక పేజీలో ఫొటో కూడా ఆయనది కాదు. ఎవరో ఒత్తయిన గడ్డం, బంగారు కళ్లద్దాల మనిషి.

ప్రిస్కా ఫోన్ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. పెద్దబిడ్డ పేరు పెట్టే ఆమె మొగుణ్ణి పిలుస్తుంది. “ముతాలే నాన్నా, ఈ గడ్డమాయన ఎవరు? నువ్వు నాకెప్పుడూ చెప్పలేదే, నేను డాక్టరు పెళ్లాన్నని!”

ఊరికి తెలియడానికి రెండు రోజులు పట్టలేదు. ప్రిస్కా బల్ల దగ్గర ఆగినవాళ్లంతా “డాక్టర్ గారు ఉన్నారా? కడుపునొప్పి, మందు రాయించుకోవాలి” అనడం మొదలుపెట్టారు. చర్చి నుంచి వస్తుంటే మినీబస్సు కండక్టరు తల బయటపెట్టి, “డాక్టర్! అనాథలందరూ బాగున్నారా?” అని అరిచాడు. బస్సంతా నవ్వింది. చిసాంగ లుసాకాకు ఫోన్ చేస్తే మోగడమే తప్ప ఎత్తడం లేదు.

మళ్లీ తిసా దుకాణానికి వెళ్లక తప్పలేదు. వాకిట్లో తచ్చాడుతుంటే ఆమే పిలిచింది.

“లోపలికి రండి డాక్టర్ గారూ. ఇక్కడంతా రోగులే.”

“అను జీరె, అను. ఇవాళ నువ్వేమన్నా పడతాను.”

ఆయన అలా అనేసరికి ఆమెకు ఇక ఆటపట్టించబుద్ధి కాలేదు. ఒక్కో వెబ్‌సైటుకీ ఫిర్యాదు రాసింది. ఇవి అబద్ధాలు, ఆ మనిషే తీసెయ్యమంటున్నాడు, ఇదిగో గుర్తింపు కార్డు అని పంపింది. రెండు నెలలు పట్టింది. మూడు పేజీలు పోయాయి. నాలుగోదానికి జవాబే రాలేదు. అందులో ఆయన ఇప్పటికీ డాక్టరే.

“ఇప్పుడు వింటావా నా మాట?” అంది తిసా.

విన్నాడు. ఒక శనివారం పొద్దున్న ప్రిస్కా బల్ల మీదే మొదలుపెట్టారు. చిసాంగ పాత నల్ల చొక్కా తొడుక్కుని వచ్చాడు, పొట్ట దగ్గర కాస్త బిగిసింది. తిసా ఫోన్ పట్టుకుంది.

“నా టమాటాలు అమ్మకానికున్నవి. నలిపినవి నువ్వే కొనాలి” అని ప్రిస్కా ముందే చెప్పింది.

ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో చెప్పాలని తిసా కోరింది, ఎందుకంటే ఊళ్లో మగవాళ్లందరూ దాని గురించి కొట్టుకుంటారు గానీ ఒక్కడూ తనకు అర్థమయ్యేలా చెప్పలేకపోయాడు. చిసాంగ రెండు టమాటాలను రక్షణకు నిలబెట్టాడు. వెనక ఒక తెల్ల వంకాయను గోల్‌కీపర్ చేశాడు. బంతి నిమ్మకాయ. దాడికి వచ్చేది ఉల్లిపాయ. మొదట చర్చిలో పాఠం చదివినట్టు చదివాడు. ఉల్లిపాయ టమాటాలను దాటేసరికి తెలియకుండానే మనిషి మారిపోయాడు.

“ఇదిగో ఉల్లిపాయ టమాటాల వెనక్కి వెళ్లిపోయింది. అందరూ ‘ఆఫ్‌సైడ్, ఆఫ్‌సైడ్’ అని అరుస్తారు. ఉల్లిపాయ ఇప్పుడు ఎక్కడుందని కాదమ్మా చూడాల్సింది. నిమ్మకాయను తన్నినప్పుడు ఎక్కడుంది? ఆ క్షణం చూడాలి. ఆ క్షణం చూడనివాడికి ఏం తెలియదు!”

అప్పుడే కూరలు కొనుక్కోడానికొచ్చిన ఒకావిడ, “ఈ ఉల్లిపాయ ఎంత?” అంటూ దాడికొచ్చినవాణ్ణి ఎత్తి సంచిలో వేసుకుంది. “ఎర్రకార్డు!” అని చిసాంగ అరిచాడు. ప్రిస్కా తల పట్టుకుంది. తిసా అది కత్తిరించకుండా అలాగే ఉంచేసింది. పైన ‘రిఫరీ ఫాక్సన్ చిసాంగ చెప్పే ఆఫ్‌సైడ్’ అని పేరు పెట్టింది.

“నా పేరెందుకు అక్కడ?” అన్నాడాయన.

“నీ పేరు కొట్టినవాడికి ఇది దొరకాలి కదా. పేరు లేకపోతే ఎలా దొరుకుతుంది?”

మొదటి వారం మొత్తం ముప్పై ఒక్కసార్లు చూశారు. అందులో ప్రిస్కావే ఆరుసార్లు. చిసాంగ రోజూ మధ్యాహ్నం దుకాణానికొచ్చి “ఎంతమంది?” అని అడిగేవాడు. రెండోవారం చేతికి బంతి తగలడం గురించి, మూడోవారం కార్నర్ కిక్కుల గురించి చెప్పాడు. నెలకు వందలు, ఆ తర్వాత నెలకు వేలు అయ్యాయి. ఎక్కడో లివింగ్‌స్టన్ నుంచి, మ్పికా నుంచి కూడా చూస్తున్నారు. వీడియోల కింద మెచ్చుకుంటూ రాసేవాళ్లు రాస్తున్నారు. కానీ ప్రతి వీడియో కిందా అన్నిటికన్నా పైన ఒకే రకం మాట: ‘బాగా చెప్పావు పెద్దాయనా. ఇప్పుడా పెనాల్టీ సంగతి కూడా వంకాయతో చెప్పు.’

అది చూసినప్పుడల్లా చిసాంగ మొహం మాడిపోయేది. “చెప్పను. రిఫరీ ఇచ్చాక ఇచ్చినట్టే.”

“నీ పేరు కొట్టేవాళ్లు ఎందుకు కొడుతున్నారనుకుంటున్నావు?” అంది తిసా ఒకరోజు. “కార్నర్ కిక్కు కోసమా? ఆ ఒక్క ప్రశ్న కోసం. దానికి నీ దగ్గర జవాబు లేనంతకాలం ఆ దొంగ ఫొటోయే జవాబు. నువ్వెన్ని టమాటాలు పేర్చినా దాన్ని దాటవు. ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకూడదు. నువ్వా రోజు నిజంగా చూశావా?”

చిసాంగ టోపీ అందుకుని వెళ్లిపోయాడు. రెండు శనివారాలు రాలేదు.

ప్రిస్కా ఒక మధ్యాహ్నం ఇంటి వాకిట్లో కూర్చుని గుమ్మడాకుల ఈనెలు తీస్తోంది. చిసాంగ పక్కన స్టూలు మీద కూర్చుని తానూ ఒక గుప్పెడు ఆకులు తీసుకున్నాడు. ఆయనకు ఆ పని రాదు. ఆకులు చిరిగిపోతున్నాయి.

“జీరె నన్ను అనుమానించింది” అన్నాడు.

“ఏమని?”

“చూశావా అని.”

ప్రిస్కా ఈనె తీస్తూనే అంది: “ఆ రోజు పొద్దున్న నీ మోకాలికి వేడి ఉప్పు మూటతో కాపడం పెట్టింది నేనే కదా ముతాలే నాన్నా. కట్టు కడతానంటే వద్దన్నావు. నిక్కరు కింద కనపడుతుందని, చూస్తే ఆట వేరేవాళ్లకు ఇచ్చేస్తారని.”

ఆయన చేతిలో ఆకు రెండు ముక్కలైంది.

“తొమ్మిదేళ్లుగా ఆ బల్ల దగ్గర నుంచుంటున్నాను. నా మొగుడు అమ్ముడుపోయాడని నా మొహం మీదే అన్నారు. డబ్బు తినలేదని నేను చెప్పొచ్చు. మరి పెనాల్టీ ఎందుకిచ్చాడంటారు? అప్పుడు మోకాలి సంగతి చెప్పాలి. అది నువ్వు దాచుకున్న మాట. నేను చెప్పేది కాదు.” ఆకులన్నీ గిన్నెలో వేసి, ఆయన చేతిలోవి కూడా లాక్కుంది. “ఇంక ఇవి ముట్టుకోకు. కూరకు పనికి రాకుండా చేస్తున్నావు.”

ఎనొక్ సిమ్వింగ ఇప్పుడు బ్వాచా బజారులో పాత బట్టలు అమ్ముతున్నాడు. తొమ్మిదేళ్లుగా చిసాంగ ఆ వైపు నుంచి నడవలేదు. బ్వాచాలో పనుంటే చుట్టూ తిరిగి వెనక దారిన పోయేవాడు. ఆ మంగళవారం ముందు దారిలోనే వెళ్లాడు.

సిమ్వింగ బట్టల గుట్ట మీద కూర్చున్నాడు. కొనేవాళ్లు నచ్చని చొక్కాలు తిరిగి విసురుతుంటే, చూడకుండానే గాల్లో ఒంటి చేత్తో అందుకుంటున్నాడు. చిసాంగను చూసి చెయ్యి ఆగింది. ఒక చొక్కా వచ్చి మొహం మీద పడింది.

“రిఫరీ వచ్చాడే! కోటు కావాలా, ప్యాంటా?”

“నీతో మాట్లాడాలి ఎనొక్.”

“మాటలు అమ్మను నేను.”

చుట్టుపక్కల బట్టలవాళ్లంతా తలలు తిప్పారు. పక్కకు రమ్మని అడుగుదామని చిసాంగ అనుకున్నాడు. తర్వాత, తాను ఆ రోజు విజిల్ ఊదింది ఊరందరి ముందూ కదా అనిపించింది.

“ఆ రోజు నేను చూడలేదు” అన్నాడు గట్టిగానే. “నువ్వు బంతి పట్టుకున్నావో, అతని కాలు పట్టుకున్నావో నాకు తెలియదు. నేను మధ్య గీత దాటి నాలుగడుగులు కూడా రాలేదు. మోకాలు పట్టేసింది. అతను పడ్డాడు, జనం అరిచారు, నేను ఊదేశాను. ఊదాక వెనక్కి తీసుకునే ధైర్యం లేకపోయింది.”

సిమ్వింగ ఒక జీన్సు ప్యాంటు ఒళ్లో పెట్టుకుని మడత పెట్టాడు. మళ్లీ విప్పి మడత పెట్టాడు.

“డబ్బు?”

“ఒక్క క్వాచా ముట్టలేదు. అప్పటికే మోకాలు బాగాలేదు. చెబితే పేరు తీసేస్తారని దాచాను.”

“నేను డబ్బే అనుకున్నాను” అన్నాడు సిమ్వింగ మెల్లగా. “ఇన్నేళ్లూ అదే అనుకున్నాను. అలా అనుకుంటే కొంచెం తేలిగ్గా ఉండేది, తెలుసా? పెద్దవాళ్లెవరో పెద్ద డబ్బేదో ఇచ్చుంటారు, నాలాంటివాడేం చేస్తాడులే అనుకునేవాణ్ణి. మోకాలా! ఒక మోకాలి నొప్పికి పోయిందా నా ఆట?”

“అవును.”

సిమ్వింగ ప్యాంటు గుట్ట మీద పడేశాడు.

“వెళ్లు రిఫరీ. ఇవాళ వెళ్లు.”

చిసాంగ ఇంటికొచ్చి మొక్కజొన్న పిండి న్‌షిమా ముద్ద సగమే తిని పళ్లెం పక్కకు నెట్టాడు. అయినా ఆ రాత్రి ఆయన చాలా రోజుల తర్వాత గురకపెట్టి నిద్రపోయాడని ప్రిస్కా మరుసటి రోజు తిసాకు చెప్పింది.

శనివారం నాడు సిమ్వింగే ప్రిస్కా బల్ల దగ్గరికొచ్చాడు. ఒక కుప్ప టమాటాలు తీసుకుని, ఒక్కోటీ చేత్తో ఎగరేసి పట్టుకుంటూ, “ఆ ఫోన్ అక్కను పిలువు వదినా” అన్నాడు. “క్షమించాను గిమించాను అని నా నోట రాదు. కానీ ఏం జరిగిందో చూపిస్తాను. జనం ఒక్కసారి చూస్తే చాలు నాకు.”

రోవర్స్ పాత మైదానంలో సగం దాకా ఎవరో మొక్కజొన్న వేసుకున్నారు. వానలు మొదలై నెల దాటింది, మొక్కలు మోకాలెత్తు ఉన్నాయి. ఒక వైపు గోల్ స్తంభాలు మాత్రం మిగిలాయి. సిమ్వింగ, చిసాంగ, ప్రిస్కా, ఫోన్ పట్టుకున్న తిసా. దూసుకొచ్చే ఆటగాడు ఎవరన్న ప్రశ్న వచ్చింది.

“నేనా? నాకు నడుమునొప్పి” అంది ప్రిస్కా.

“పడొద్దులే వదినా, పరిగెత్తితే చాలు. పడడం ఆ రోజు వాడు చేశాడుగా, బోలెడంత.”

ప్రిస్కా నడుముకు చుట్టుకున్న చితెంగే గుడ్డ ఎగగట్టింది, చెప్పులు విప్పింది. యాభై ఆరేళ్ల మనిషి బురదలో బంతి తన్నుకుంటూ వచ్చింది. ఆమె బాగా తన్నగలదని ఇన్నేళ్లలో చిసాంగకు తెలియదు. సిమ్వింగ దూకాడు. ముప్పై ఎనిమిదేళ్ల ఒళ్లు, కొంచెం పొట్ట, అయినా చేతులు ముందు బంతి మీదే పడ్డాయి. ఆ తర్వాతే భుజం ప్రిస్కా కాలికి రాసుకుంది. తిసా అది మూడువైపుల నుంచి మూడుసార్లు తీసింది. మూడోసారి ప్రిస్కా గోల్ కొట్టేసింది.

“అది వేరే ఆట!” అని సిమ్వింగ బురదలోంచి అరిచాడు.

తర్వాత తిసా చిసాంగ ఆ రోజు నిలబడిన చోటికి, మధ్య గీత ఉండాల్సిన చోటికి వెళ్లింది. అక్కడి నుంచి చూస్తే సిమ్వింగ వీపు తప్ప ఇంకేమీ కనిపించలేదు. చిసాంగ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“నా పేరు ఫాక్సన్ చిసాంగ. ఆ రోజు నేను ఇక్కడ నిలబడి ఉన్నాను. అక్కడ, గోల్ దగ్గర ఉండాల్సినవాణ్ణి. అది పెనాల్టీ కాదు. లంచం తీసుకోలేదు. కానీ మోకాలు బాగాలేదని తెలిసీ దాచి మైదానంలోకి దిగాను. దాచకపోతే ఆ ఆట ఇంకొకరు నడిపేవాళ్లు. కటొందో రోవర్స్‌కు నేను తప్పు చేశాను. తొమ్మిదేళ్లు చెప్పలేదు, అది రెండో తప్పు.” ఇంకేదో చెప్పబోయి, చాలన్నట్టు చెయ్యి ఊపాడు.

తిసా ఫోన్ సిమ్వింగ వైపు తిప్పింది. మొహమంతా బురద. “బంతి నాది. అంతే” అన్నాడు.

‘ఫాక్సన్ చిసాంగ: అది పెనాల్టీ కాదు’ అని పేరు పెట్టి ఆ సాయంత్రం ఇంటర్నెట్‌లో పెట్టింది తిసా. ఆదివారం పూజ అయ్యేసరికి చర్చి వాకిట్లో ప్రతి చేతిలోనూ అదే. ఊరి రేడియో వాళ్లు చిసాంగను, సిమ్వింగను పిలిపించి గంటసేపు మాట్లాడించారు. దొంగ అని రాసిన వెబ్‌సైటు వాళ్లకు తిసా ఆ వీడియో పంపించి, మర్యాదగానే ఉత్తరం రాసింది. వాళ్లు పాత రాత తీసెయ్యలేదు. కింద రెండు వాక్యాలు చేర్చారు: లంచానికి ఆధారాలేవీ దొరకలేదని, రిఫరీ తన పొరపాటు ఒప్పుకున్నాడని.

అందరూ మెచ్చుకోలేదు. తొమ్మిదేళ్లు ఏ గాడిదలు కాస్తున్నావని అడిగినవాళ్లున్నారు. రోవర్స్‌లో ఎడమవైపు ఆడిన ఒకడు సోల్వేజీ నుంచి రాశాడు: ‘ఆ లీగులోకి వెళ్లుంటే నా బతుకు వేరేగా ఉండేది. నీ మోకాలు చల్లగా ఉండాలి ముసలాయనా, నేను మాత్రం మరిచిపోను.’ అది తీసేయనా అని తిసా అడిగింది.

“వద్దు. అతని మాట అతనిది” అన్నాడు చిసాంగ. దాని కింద తానే ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాడు: ‘నీ కోపం న్యాయమే తమ్ముడూ.’

వానలు వెనకబట్టేసరికి ఆయన పేరు కొడితే ముందు మైదానం వీడియో, తర్వాత టమాటాల ఆఫ్‌సైడ్, ఆ తర్వాత రేడియో మాటలు రావడం మొదలైంది. నాలుగోది డాక్టర్. బూరెల బుగ్గల ఫొటో ఐదో చోట ఉంది. పోలేదు, పోదు కూడా అని తిసా చెప్పింది. “ఉండనీ. అది కూడా నేనే” అన్నాడాయన.

సిస్టర్ ఇమెల్డా ఆ వీడియోను కమిటీ ముందు పెట్టింది. అప్పుడు అభ్యంతరం చెప్పిన పెద్దమనిషి చివరిదాకా చూసి, “ఇప్పుడు మోకాలు ఎలా ఉందట?” అని మాత్రం అడిగాడు. పరిగెత్తే పని సిమ్వింగకు ఇచ్చారు. పిల్లలకు గోల్‌కీపింగ్, ఆట అతనే నేర్పుతాడు. రిఫరీలు కావాలనుకున్న పన్నెండుమంది అమ్మాయిలు చిసాంగకు దక్కారు. గురువారాలు నీడలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. మొదటి పాఠం విజిల్ లేకుండానే చెబుతాడు: “చూడకపోతే ఊదకండి. ఒంట్లో బాగాలేకపోతే అసలు దిగకండి. ఊదాక తప్పని తెలిస్తే, పరువు పోతుందని చూడకండి, ఆట మళ్లీ మొదలయ్యేలోపే చెయ్యెత్తి చెప్పెయ్యండి.” పిల్లలు ఆడుతుంటే సిమ్వింగ గీత బయట నుంచి ప్రతి నిర్ణయానికీ అరుస్తాడు. చిసాంగ అతనికి పసుపు కార్డు చూపిస్తాడు. అతను లెక్కచెయ్యడు. ఇద్దరూ కలిసి ప్రిస్కా బల్ల దాకా నడుచుకుంటూ, దారంతా వాదించుకుంటూ వస్తారు.

మొన్న మేలో ఒక మధ్యాహ్నం తిసా ఆయన్ని కేకేసి పిలిచింది. మోంగులో ఉండే ఒక బడి టీచరమ్మ ఉత్తరం రాసింది. పిల్లలకు ఆట పెట్టిస్తుంటే తగాదా వచ్చిందట. గీత బయట నుంచి చేత్తో విసిరిన బంతి ఎవరికీ తగలకుండా నేరుగా గోల్‌లోకి వెళితే అది గోలా కాదా? ‘మీరెవరో నాకు తెలియదు గానీ, ఆఫ్‌సైడ్ సంగతి మీరు చెబితేనే నాకు అర్థమైంది. అందుకే అడుగుతున్నాను’ అని రాసింది.

చిసాంగ కళ్లజోడు తుడుచుకుని మరోసారి చదివాడు. “‘మీరెవరో నాకు తెలియదు’ అంటోంది జీరె.”

“చూశాను. జవాబు రాయి, అవతల జిరాక్సులకు జనం నిలబడ్డారు.”

ఆయన కుర్చీ ముందుకు లాక్కుని ఒంటి వేలితో మొదలుపెట్టాడు. అవతలి జట్టు గోల్‌లోకి వెళితే గోల్ కాదమ్మా, వాళ్లకు గోల్ కిక్కు ఇవ్వాలి. విసిరినవాళ్ల సొంత గోల్‌లోకే వెళితే అవతలివాళ్లకు కార్నర్ ఇవ్వాలి. రాసి, ఒకసారి సరిచూసుకుని, కింద తన పేరు పెట్టాడు. తర్వాత ఆగి, ఆమె పిల్లల జట్టు పేరేమిటో, ఎవరు గెలిచారో రాయమని కూడా చేర్చాడు.